పునాదికి ముందే గాలిలెక్క

పట్టణములో క్రొత్తగా ఒక పెద్ద వాణిజ్యభవనము లేవబోవుచున్నదని తెలియగానే చుట్టుప్రక్కలవారు దానినిగూర్చి పలు ప్రశ్నలు వేయుదురు. ఎన్ని అంతస్తులు? ఎన్ని దుకాణములు వచ్చును? ఎందఱకు పని దొరకును? ఆ వీధిలోని స్థలముల వెల ఎంత పెరుగును? ఇవి యన్నియు అడుగదగిన ప్రశ్నలే. కాని వీనితోపాటు అడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. ఆ భవనము వచ్చిన పిదప ఆ వీధిలోని గాలి ఎట్లుండును? దీనిని అడుగువారు అరుదు. భవనపు ఎత్తు కంటికి కనబడును. అద్దె రూపాయలలో తేలును. గాలి కంటికి కనబడదు, దానికి అద్దెయు లేదు. అందుచేతనే దాని లెక్క వెనుకబడిపోవుచున్నది.

అయినను గాలికి లెక్క లేకపోలేదు. ఒక భవనమువలన గాలి ఎంత చెడునో దానిని కట్టకముందే అంచనా వేయు పద్ధతులు కలవు. ఆ చెఱుపును తగ్గించు ఉపాయములును కలవు. అవి యెట్టివో, పునాది త్రవ్వకముందే వానిని ఏల ఆలోచింపవలెనో తెలిసికొనుట పట్టణవాసులకందఱకును అవసరము.

కట్టడపు పటముమీదనే పొగనుగూర్చి విచారింపవలెనను ఆలోచన బలపడుటకు ఒక ఘోరసంఘటన కారణమైనది. 1952 డిసెంబరు 5వ తేదీనుండి 9వ తేదీవఱకు ఇంగ్లండు రాజధానియగు లండను నగరముమీద గాలి కదలక నిలిచిపోయెను. ఇండ్లలోను, కర్మాగారములలోను, విద్యుత్కేంద్రములలోను కాల్చిన బొగ్గుయొక్క పొగ మంచుతో కలిసి నగరమును కప్పివేసెను. ఆ దినములలోను, తరువాతి వారములలోను సుమారు 4,000 మంది మామూలుకంటె అధికముగా మరణించిరని ఆనాటి లెక్కలు తెలిపినవి. ఆ సంఖ్య 12,000 వఱకు ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు అంచనా వేసిరి. ఈ విపత్తు తరువాత 1956లో బ్రిటిషు పార్లమెంటు స్వచ్ఛవాయు శాసనమును చేసెను. క్రొత్తగా పెట్టు కొలుములు సాధ్యమైనంతవఱకు పొగలేనివిగా ఉండవలెననియు, కర్మాగారములవంటి క్రొత్త కట్టడముల పటములను పరిశీలించునపుడు పొగగొట్టము చాలినంత ఎత్తు కలదో లేదో స్థానికాధికారులు చూడవలెననియు ఆ శాసనము విధించినది. పొగ వెలువడిన పిదప దండించుటకంటె, పొగగొట్టము కాగితముమీద నున్నప్పుడే దానిని సరిదిద్దుట మేలని దీని తాత్పర్యము.

భారతదేశములో వాయుకాలుష్య నివారణ శాసనము 1981లోను, పర్యావరణ పరిరక్షణ శాసనము 1986లోను వచ్చినవి. కొన్ని విధములైన ప్రాజెక్టులను ఆరంభించుటకు ముందు పర్యావరణానుమతి పొందవలెనను నియమము 1994లో ఏర్పడెను. మొదట గనులు, ఆనకట్టలు, పెద్ద పరిశ్రమలు మొదలగునవి అందులో చేరియుండెను. పెద్ద భవనములును 2004లో ఆ నియమము క్రిందికి తేబడినవి. 2006 సెప్టెంబరు 14వ తేదీన కేంద్రప్రభుత్వము చేసిన ప్రకటన ప్రకారము, 20,000 చదరపు మీటర్లు గాని అంతకు మించి గాని నిర్మాణవైశాల్యము గల భవనమునకు పని మొదలుపెట్టకముందే అనుమతి కావలెను. అన్ని అంతస్తులను విడదీసి నేలపై పఱచినచో సుమారు 5 ఎకరములు ఆక్రమించు భవనమన్నమాట. రాష్ట్రస్థాయిలో నిపుణులసంఘ మొకటి భవనయజమాని సమర్పించిన పత్రములను పరిశీలించి తన సలహాను తెలుపును. దానినిబట్టి రాష్ట్ర ప్రాధికారసంస్థ అనుమతి ఇచ్చుటయో నిరాకరించుటయో చేయును.

ఈ పరిశీలనలో గాలికి సంబంధించిన భాగము నాలుగు ప్రశ్నలపై ఆధారపడియున్నది. ఇప్పుడు గాలి ఎట్లున్నది? క్రొత్త భవనము దానిలో ఏమి కలుపును? కలిసినది ఏ దిక్కునకు పోవును? అంతయు కూడిన పిదప మొత్తము హద్దులోపల నుండునా?

మొదటి ప్రశ్నకు ప్రత్యుత్తరము చెప్పుటకు కొలత కావలెను. గాలిలో తేలియాడు ధూళికణములను పరిమాణమునుబట్టి విభజింతురు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవవంతు. మనుష్యుని తలవెండ్రుక మందము సుమారు 50 నుండి 70 మైక్రానులుండును. 10 మైక్రానులకు లోబడిన కణములు ముక్కును దాటి ఊపిరిగొట్టములలోనికి పోగలవు. 2.5 మైక్రానులకు లోబడినవి ఊపిరితిత్తుల లోతులలోని గాలితిత్తులవఱకు చేరును. వానిలో మిక్కిలి సన్ననివి రక్తములోనికి కూడ ప్రవేశింపగలవు. ఉబ్బసము, గుండెజబ్బులు, పక్షవాతము మొదలగు వ్యాధులకు ఈ సన్నని ధూళి దోహదము చేయుచున్నదని వైద్యశాస్త్రము నిర్ధారించినది.

ఈ సన్నని ధూళిని తూచు పద్ధతి సులభముగా గ్రహింపదగినది. యంత్రమొకటి నిమిషమునకు సుమారు 16.7 లీటర్ల గాలిని పీల్చి, పలుచని వడపోతబిళ్ళ గుండా పంపును. ఈ లెక్కను 24 గంటలలో సుమారు 24 ఘనపు మీటర్ల గాలి ఆ బిళ్ళనుండి పోవును. బిళ్ళను మిక్కిలి సున్నితమైన త్రాసులో ముందొకసారి, తరువాత నొకసారి తూచెదరు. బరువు 1.2 మిల్లీగ్రాములు పెరిగినదనుకొనవచ్చును. అనగా 1,200 మైక్రోగ్రాములు. దీనిని 24 చేత భాగించినచో 50 వచ్చును. ఆ దినమున ఆ చోట ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాముల సన్నని ధూళి యున్నదని దీని యర్థము. తెల్లని బిళ్ళ యొక్క దినములో బూడిదరంగునకు మారుట చూచినవారికి గాలిలెక్క వట్టి మాట కాదని తెలియును.

ఒక దినపు కొలత చాలదు. వానపడిన దినమున గాలి తేటగా నుండును. చలికాలపు ఉదయమున మసకగా నుండును. కావున వార్షికపు సగటు తీయుటకు వారమునకు రెండుసార్లు చొప్పున సంవత్సరములో కనీసము 104 కొలతలు ఉండవలెనని జాతీయ ప్రమాణములలో చెప్పబడినది. 2009లో ప్రకటింపబడిన ఆ ప్రమాణముల ప్రకారము, 2.5 మైక్రానులకు లోబడిన ధూళి ఘనపు మీటరునకు వార్షికపు సగటున 40 మైక్రోగ్రాములను, ఒక్క దినమున 60 మైక్రోగ్రాములను మించరాదు. 10 మైక్రానులకు లోబడిన ధూళికి ఆ హద్దులు 60, 100. మోటారువాహనముల పొగలో నుండు నైట్రోజన్ డయాక్సైడునకు 40, 80. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో చేసిన సూచన ఇంకను కఠినమైనది. సన్నని ధూళి వార్షికపు సగటు 5 మైక్రోగ్రాములకు మించకుండుట ఆరోగ్యకరమని ఆ సంస్థ చెప్పుచున్నది. కావున 40 అనునది ప్రమాదములేని అంకె యని భావింపరాదు. అది శాసనము గీచిన గీత మాత్రమే.

రెండవ ప్రశ్న, భవనము గాలిలో ఏమి కలుపునని. దీనికి రెండు దశలు కలవు. మొదటిది కట్టుచున్నప్పటి దశ. పాతకట్టడములను కూల్చుట, నేలను త్రవ్వుట, ఇసుకను సిమెంటును దింపుట, రాళ్ళను పలకలను కోయుట, లారీలు మట్టిబాటలపై తిరుగుట, ఇవి యన్నియు దుమ్మును లేపును. రెండవది వాడుకలోనికి వచ్చిన తరువాతి దశ. ఇది దశాబ్దముల తరబడి సాగును. సరకులు తెచ్చు లారీలు, కొనువారి కారులు, మోటారుసైకిళ్ళు, కరెంటు పోయినపుడు నడుచు డీజిలు జనరేటర్లు, భోజనశాలల పొయ్యిలు, ఎవరికిని తెలియకుండ వెనుకప్రక్కన తగులబెట్టబడు చెత్త, వీనివలన పొగ పుట్టును. భవనపు గోడలలోపల పుట్టు పొగకంటె, ఆ భవనమునకు వచ్చిపోవు వాహనముల పొగ అధికముగా నుండుట పెక్కుచోట్ల సంభవించును. కావున అంచనా వేయువారు భవనపు ప్రహరీతో ఆగిపోరాదు. దినమునకు ఎన్ని బండ్లు వచ్చును, అవి ఏ బాటలలో వచ్చును, ఏ కూడలిలో నిలిచిపోవును అనునదియు లెక్కింపవలెను.

మూడవ ప్రశ్న గాలినడకకు సంబంధించినది. ఆ ప్రాంతములో ఏ నెలలో ఏ దిక్కునుండి గాలి ఎక్కువగా వీచునో తెలుపు పటమును ముందుంచుకొని, పొగ ఎవరి కిటికీలవైపు పోవునో గణితసూత్రములతో అంచనా వేయుదురు. సామాన్యముగా పగటివేళ నేలను అంటియున్న గాలి వేడెక్కి పైకి లేచును. దానితో పొగయు లేచి చెదరిపోవును. కాని చలికాలపు రాత్రులలో నేల త్వరగా చల్లబడును. అపుడు చల్లని గాలి క్రిందను, వెచ్చని గాలి మీదను నిలుచును. ఆ వెచ్చని పొర కుండపై మూతవలె పనిచేయును. క్రింద పుట్టిన పొగ క్రిందనే యుండిపోవును. 1952లో లండనులో జరిగినది ఇదియే. హైదరాబాదు వంటి నగరములలో చలికాలపు ఉదయములు మసకగా నుండుటకును ఇది ముఖ్యకారణము. కావున వేసవిలో తీసిన కొలతలను మాత్రమే చూపి, గాలి బాగుగనే యున్నదనుట సరికాదు.

పొగ వెలువడు ఎత్తునుబట్టియు ఫలము మాఱును. డీజిలు జనరేటరు పొగగొట్టము ఎంత ఎత్తుండవలెనో లెక్కించుటకు కేంద్ర కాలుష్య నియంత్రణమండలి యొక సూత్రమును నిర్ణయించినది. జనరేటరు శక్తిని కిలోవోల్టు ఆంపియర్లలో తీసికొని దాని వర్గమూలము కట్టవలెను. దానిని 0.2 చేత గుణింపగా వచ్చిన మీటర్లను భవనపు ఎత్తునకు కలుపవలెను. ఉదాహరణమునకు, జనరేటరు శక్తి 400 అయినచో దాని వర్గమూలము 20, 0.2 చేత గుణించినచో 4. భవనము 30 మీటర్లున్నచో పొగగొట్టము కనీసము 34 మీటర్లుండవలెను. వర్గమూలములు నేర్చిన విద్యార్థి యెవడైనను దీనిని సరిచూడగలడు. అయితే ప్రక్కభవనము ఇంకను ఎత్తైనదైనచో ఆ 34 మీటర్లును చాలవు. పొగ సరిగా ఆ భవనములోని వారి కిటికీలకే ఎదురుపడును. అందుచేత చుట్టుప్రక్కల కట్టడములను చూడక వేసిన అంచనా అసంపూర్ణమగును.

అంచనా తేలిన పిదప తగ్గించు ఉపాయములను ఆలోచింపవలెను. ఇందులో ఒక క్రమము కలదు. చెఱుపు పుట్టకుండ చేయుట ఉత్తమము. పుట్టినదానిని తగ్గించుట మధ్యమము. వెలువడిన తరువాత పట్టుకొన యత్నించుట అధమము.

కట్టుచున్నప్పటి దుమ్మునుగూర్చి 2018 జనవరిలో కేంద్రప్రభుత్వము స్పష్టమైన నియమములను ప్రకటించినది. పనిచోటికి పోవు బాటను గట్టిపఱచి తారు వేయవలెను. మట్టిని, ఇసుకను, కూల్చిన శిథిలములను మూయక వదలరాదు. నీరు చల్లు ఏర్పాటు ఉండవలెను. రాళ్ళను పలకలను ఆరుబయట కోయరాదు. భవనపు ఎత్తులో మూడవవంతు, గరిష్ఠముగా 10 మీటర్లవఱకు, గాలిని అడ్డగించు తెరను కట్టవలెను. తీసికొన్న జాగ్రత్తలను పనిచోట అందఱకును కనబడునట్లు ప్రకటింపవలెను. ఈ నియమములలో కష్టమైన విద్య ఏదియు లేదు. గోనెపట్టాయు, నీటిగొట్టమును, శ్రద్ధయు చాలును.

ఈ శ్రద్ధ కొఱవడినచో మొదట నష్టపడువారు బాటసారులు కారు, పనివారే. పాలమూరు, శ్రీకాకుళము మొదలగు ప్రాంతములనుండియు, ఇతర రాష్ట్రములనుండియు వలసవచ్చినవారు హైదరాబాదు కట్టడములలో పనిచేయుచుందురు. వారిలో పెక్కుమంది పనిచోటనే గుడిసెలు వేసికొని పిల్లలతో నివసింతురు. పగలు పనిలో పీల్చిన దుమ్మునే రాత్రి నిద్రలోను పీల్తురు. రాతిని కోయునపుడు లేచు సన్నని ఇసుకపొడి ఊపిరితిత్తులలో పేరుకొని, నయముకాని వ్యాధిని కలిగించును. రాతిని తడిపి కోసినచో ఆ పొడి చాలవఱకు లేవదు. ఒక చెంబెడు నీటికి ఇంతటి విలువ కలదు. భవనము పూర్తియైన నాడు దాని అందమును మెచ్చుకొనువారి దృష్టికి ఈ పనివారు రారు. కాని గాలిలెక్కలో వారి ఊపిరియు చేరవలెను.

వాడుకలోనికి వచ్చిన తరువాతి పొగను తగ్గించుటకు అన్నిటికంటె ముఖ్యమైనది స్థలనిర్ణయము. బస్సులును రైళ్ళును అందుబాటులో నున్నచోట అంగడులు వచ్చినచో జనులు స్వంతవాహనములు లేకయే రాగలరు. హైదరాబాదులో 2017 నవంబరులో మెట్రోరైలు నడువనారంభించినది. అట్టి స్టేషనునుండి ఎండ వాన తగులకుండ నడచిపోగల బాట ఉన్నచో ఎన్నియో కారులు ఇంటికడనే నిలిచిపోవును. విద్యుద్వాహనములకు శక్తినింపు ఏర్పాట్లు చేయుట, మిద్దెపై సూర్యశక్తి పలకలు అమర్చుట, సహజమైన వెలుతురు గాలి వచ్చునట్లు గదులు కట్టి విద్యుత్తు ఖర్చును తగ్గించుట, ఇవియు మేలైన మార్గములే. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి దేశమంతట అమలులోనికి వచ్చిన భారత్ ఆరవదశ ప్రమాణముల వలన ఇంధనములో గంధకము పదిలక్షల పాళ్ళకు 50 పాళ్ళనుండి 10 పాళ్ళకు తగ్గినది. అయినను వాహనముల సంఖ్య పెరుగుచున్నంతకాలము ఇంధనశుద్ధి యొక్కటే చాలదు.

కొందఱు నాలుగు వరుసల చెట్లు నాటినచో అన్నియు సరిపోవునని తలంతురు. చెట్లు నీడనిచ్చును, వేడిని తగ్గించును, ఆకులపై కొంత దుమ్మును పట్టుకొనును. కాని జనరేటరు పొగకును వాహనముల పొగకును అవి ప్రాయశ్చిత్తము కావు. ఇఱుకువీధిలో గుబురుచెట్లు దట్టముగా నున్నచో గాలి ఆడక పొగ క్రిందనే నిలిచిపోవుటయు కలదు. చెట్లు నాటవలసినదే, అయితే వానిని చూపి ఇతరబాధ్యతలనుండి తప్పించుకొనరాదు.

ఇక నాలుగవ ప్రశ్న, మొత్తము హద్దులోపల నుండునా యని. ఇందులోనే పెద్దచిక్కు దాగియున్నది. ఒక రహదారి ప్రక్క సన్నని ధూళి వార్షికపు సగటు 34 మైక్రోగ్రాములున్నదనుకొనవచ్చును. అచట నొక భవనము కట్టదలచినవారు తమవలన ఒక్క మైక్రోగ్రాము మాత్రమే పెరుగుననియు, మొత్తము 35 అగుననియు, హద్దు 40 గనుక దోషము లేదనియు చెప్పుదురు. వారి మాట నిజమే. రెండవవారును అట్లే చెప్పుదురు, మూడవవారును అట్లే. ఆఱు భవనములు లేచునప్పటికి గాలి 40కి చేరును. ఏడవ భవనముతో హద్దు దాటును. అపుడు దోషి యెవరు? ఏడవవాడు తక్కినవారికంటె ఎక్కువ చేసినది లేదు. మొదటి ఆఱుగురును అబద్ధమాడినది లేదు. ఒక్కొక్క లెక్కయు సరియైనదే. కూడిన ఫలము మాత్రము అందఱి ఊపిరికిని హాని. కావున ఒక్కొక్క భవనమును వేఱువేఱుగా కాక, ఇదివఱకే అనుమతి పొందినవానిని, రాబోవువానిని కలిపి చూడవలెను.

ఈ చిక్కును విడదీయుటకు లండను నగరము 2021లో ఆమోదించిన నగరప్రణాళికలో ఒక మార్గము చూపబడినది. క్రొత్తగా వచ్చు భవనములు తమ వాహనములవలనను, తమ యంత్రములవలనను వెలువడు కాలుష్యమును ముందుగా నిర్ణయించిన కొలతకు మించకుండ చూచుకొనవలెను. మించినచో తగ్గించు ఏర్పాట్లు చేయవలెను. ఇంకను కొంచెము చోటున్నదికదా యని ప్రతివారును హద్దువఱకు గాలిని నింపుటకు ఈ పద్ధతిలో వీలులేదు. తెలుగునేలలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము, గుంటూరు, నల్లగొండ మొదలగునవి గాలి ప్రమాణములకు తగినట్లులేని నగరములుగా గుర్తింపబడి, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమములో చేర్చబడినవి. అట్టి నగరములకు ఈ కూడికలెక్క మఱింత అవసరము.

2006 ప్రకటనలో భవనములకు బహిరంగ ప్రజాభిప్రాయసేకరణనుండి మినహాయింపు ఇయ్యబడినది. అనగా ప్రక్కవీధివారిని సభకు పిలిచి అడుగవలసిన విధి లేదు. అట్లని పౌరులకు దారిలేకపోలేదు. అనుమతిలోని షరతులను ఎట్లు పాటించుచున్నదియు భవనయజమానులు ప్రతిసంవత్సరము జూను 1వ తేదీనాటికిని, డిసెంబరు 1వ తేదీనాటికిని నివేదిక సమర్పింపవలెననియు, అట్టి నివేదికలు ప్రజలందఱకును చూడవీలైన పత్రములనియు ఆ ప్రకటనయే చెప్పుచున్నది. 2005 నాటి సమాచారహక్కు శాసనమువలనను పత్రములను కోరవచ్చును. చదువనేర్చినవారు, కూడికయు భాగహారమును తెలిసినవారు, ఆ పత్రములను చదివి ప్రశ్నింపగలరు. కొలతలు ఏ నెలలో తీసిరి? యంత్రమును ఎచట నుంచిరి? పొగగొట్టపు ఎత్తు సూత్రమునకు సరిపోయినదా? ప్రక్కనున్న పాఠశాలను లెక్కలోనికి తీసికొనిరా?

ఈ ప్రశ్నలను వేయుటకు తగినకాలము పని మొదలగుటకు ముందు. వాహనములు వెలుపలికి వచ్చు ద్వారము పాఠశాల గోడవైపునకు తెఱచియున్నట్లు పటములో కనబడినచో, దానిని రెండవవైపునకు మార్చుటకు ఒక రబ్బరుముక్కయు పెన్సిలును చాలును. కాంక్రీటు ఎండిన పిదప ఆ ద్వారమును మార్చుటకు లక్షల రూపాయలు కావలెను. తఱచుగా ఆ వ్యయమునకు ఎవరును ముందుకు రారు. అపుడు ఆ పొగను ఆ పాఠశాల పిల్లలు, వారి తరువాత వచ్చు పిల్లలు, ఆ భవనము నిలిచియున్నంతకాలము పీల్చుచుందురు.

వర్తకము లేక నగరము లేదు. భవనములు లేక వర్తకము లేదు. క్రొత్త భవనములు రాగూడదనుట ఈ విచారణయొక్క ఉద్దేశము కాదు. భూమికి వెల కట్టినట్లే, ఇనుమునకు సిమెంటునకు వెల కట్టినట్లే, చుట్టుప్రక్కలవారి ఊపిరికిని ముందుగా లెక్కకట్టి, ఆ లెక్కకు తగినట్లు భవనమును దిద్దుకొనవలెనని మాత్రమే దీని ఉద్దేశము. నేల ఎవరి పేరనున్నదో దస్తావేజు తెలుపును. దానిమీది గాలికి దస్తావేజు లేదు, అది అందఱిదియు. అందఱిదైన దానిని కాపాడు బాధ్యతయు అందఱిదే.